నూనె మారిస్తే పేగు జబ్బు అదుపులోకి వస్తుందా? ఒమేగా-6, ఒమేగా-3 లెక్కల గొడవ

నిలకడ
అందరికీ నమస్కారం. నాది అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే జబ్బు, ఎడమవైపు వరకు. వాపు తగ్గించే మందు మెసలమైన్ మీద ప్రస్తుతం రెమిషన్‌లో, అంటే జబ్బు అణిగి, ఉన్నాను. ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే పాట. గింజల నూనెల్లో ఒమేగా-6 అనే రకం కొవ్వు ఎక్కువట, పేగులో ఇన్‌ఫ్లమేషన్‌కి అదే మూలమట, ఒమేగా-6కీ ఒమేగా-3కీ నిష్పత్తి 4:1కి తెచ్చేస్తే మందులతోనే పనిలేదట. మా బావ అయితే చేపనూనె మాత్రల సీసా కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు. డాక్టర్‌ని అడిగితే "వేసుకుంటే వేసుకోండి, పెద్ద నష్టమేం లేదు" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు.

నష్టం లేదంటే లాభం ఉందని కాదుగా. చదివినవాళ్లు, వాడి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నిప్పులేని_పొగ
నూటికి నూరుపాళ్లు నిజం. పొద్దుతిరుగుడు, సోయా, కుసుమ నూనెలు ఇవాళే మానేయండి. ఎపిక్ స్టడీ చూడండి, రెండు లక్షల మంది మీద చేశారు. లినోలిక్ ఆమ్లం, అంటే ఆ నూనెల్లోని ఒమేగా-6, ఎక్కువ తిన్నవాళ్లకి కొలైటిస్ రెండున్నర రెట్లు. ఇంకా ఏం రుజువు కావాలి?

పేగుబంధం
అదేంటండీ, నేను చదివిన ఎపిక్‌లో చేపనూనెకీ ఉత్తుత్తి మాత్రకీ తేడా లేదని తేలింది కదా? క్రోన్స్, అంటే పేగులో ఎక్కడైనా వచ్చే ఇంకో వాపు జబ్బు, ఉన్నవాళ్ల మీద చేశారు. మా డాక్టరమ్మ అది చూపించే నాకు వద్దన్నారు.

నిప్పులేని_పొగ
మీరు వేరే ఏదో చదివుంటారు.

తటస్థం
వేరేదే చదివారు, కానీ దాని పేరు కూడా ఎపిక్కే. ఈ గందరగోళం నేను చాలాచోట్ల చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటి ఎపిక్: ఐరోపా దేశాల్లో ఆహారానికీ క్యాన్సర్‌కీ సంబంధం చూడ్డానికి మొదలుపెట్టిన పెద్ద సర్వే. అందులో 2,03,193 మంది ఏం తింటారో ముందే రాసిపెట్టుకుని, తర్వాత ఎవరికి అల్సరేటివ్ కొలైటిస్ వచ్చిందో చూశారు. 2009లో 'గట్' పత్రికలో వచ్చింది. లినోలిక్ ఆమ్లం అందరికంటే ఎక్కువ తిన్న పావు వంతు మందిని, తక్కువ తిన్న పావు వంతుతో పోలిస్తే రిస్క్ 2.49 రెట్లు కనబడింది. డీహెచ్‌ఏ, అంటే చేపల్లో ఉండే ఒమేగా-3, ఎక్కువ తిన్నవాళ్లలో తగ్గింది. ఇంతవరకు పొగ గారు చెప్పింది కరెక్టే. ఆయన చెప్పనిది ఏంటంటే, ఆ రెండు లక్షల్లో జబ్బు వచ్చింది 126 మందికి. అందుకే ఆ 2.49 అసలు 1.23 నుంచి 5.07 దాకా ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు.

రెండో ఎపిక్ మందు ట్రయల్. నిజానికి రెండు ట్రయల్స్, 363 మందితో ఒకటి, 375 మందితో ఒకటి. క్రోన్స్ రెమిషన్‌లో ఉన్నవాళ్లకి రోజుకి 4 గ్రాముల ఒమేగా-3 ఇచ్చారు. 2008లో 'జామా'లో వచ్చింది. ఏడాదికి జబ్బు తిరగబెట్టినవాళ్లు మొదటి ట్రయల్‌లో మందు వైపు 31.6 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 35.7. రెండో దాంట్లో 47.8, 48.8. అంటే ఏమీ తేడా లేదనే.

గమనించాల్సింది ఏంటంటే ఈ రెండూ అడిగిన ప్రశ్నలే వేరు. జబ్బు లేనివాడికి జబ్బు రావడంలో కొవ్వుల పాత్ర ఏంటనేది ఒకటి. వచ్చినవాడికి మాత్రతో ఆపగలమా అనేది ఇంకొకటి. మొదటిదాని జవాబు తెచ్చి రెండోదానికి అతికిస్తున్నారు, ఆన్‌లైన్‌లో జరిగే గొడవ సగం ఇదే.

నిప్పులేని_పొగ
సరే, ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదంటారు. కానీ బావి అవసరమేనని ఒప్పుకుంటున్నారుగా!

తటస్థం
అదీ తేలలేదండీ. అమెరికా నర్సుల అధ్యయనం ఉంది, 2014లో అదే 'గట్'లో వచ్చింది. 1,70,805 మంది ఆడవాళ్లు, 26 ఏళ్లు గమనించారు. మొత్తం కొవ్వుకీ, సంతృప్త కొవ్వుకీ, ఒమేగా-6కీ కూడా కొలైటిస్‌తో గానీ క్రోన్స్‌తో గానీ సంబంధం దొరకలేదు. చేపల ఒమేగా-3 ఎక్కువ తిన్నవాళ్లలో కొలైటిస్ కొంచెం తక్కువ వైపు, ట్రాన్స్ కొవ్వు తిన్నవాళ్లలో కొంచెం ఎక్కువ వైపు మొగ్గింది. రెండూ యాదృచ్ఛికం కాదని చెప్పే గీత దగ్గరే ఆగిపోయాయి, దాటలేదు.

నిలకడ
తటస్థం గారూ, ధన్యవాదాలు. నాకు అసలు పునాదే తెలియదు. ఒమేగా-6 ఎక్కువైతే వాపు ఎందుకు రావాలి? ఆ కథ నమ్మదగ్గదేనా?

అణువు
ఇది నా సబ్జెక్టు, బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతుంటాను. కథ పుస్తకంలో ఇలా ఉంటుంది.

గింజల నూనెల్లోని లినోలిక్ ఆమ్లం ఒమేగా-6. అవిసె గింజల్లోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఒమేగా-3. రెంటినీ శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు. రెంటినీ పొడుగు చేసి, వాటిలో ద్విబంధాలు పెంచే ఎంజైములు మాత్రం ఒకటే, డెల్టా-6, డెల్టా-5 డీశాచురేజులు. ఒకటి మరీ ఎక్కువైతే రెండోదానికి ఆ ఎంజైములు అందడం తగ్గుతుంది. ఒమేగా-6 దారిలో చివరికి అరాకిడోనిక్ ఆమ్లం తయారవుతుంది. దాన్నుంచి ప్రోస్టాగ్లాండిన్ ఈ2, ల్యూకోట్రైన్ బీ4. ఈ రెండోది తెల్లకణాలను పేగు గోడలోకి పిలిచే రసాయనం, కొలైటిస్ ఉన్నవాళ్ల పేగులో పెరిగి ఉంటుంది. ఒమేగా-3 దారిలో ఈపీఏ, డీహెచ్‌ఏ వస్తాయి. వాటినుంచి పుట్టే ల్యూకోట్రైన్లు బలహీనం. పైగా వాపును చల్లార్చే రిజాల్విన్లు కూడా వీటినుంచే వస్తాయి.

వినడానికి లెక్క సరిగ్గా కుదిరింది. కానీ రెండు చోట్ల తేడా కొడుతుంది.

ఒకటి, నోట్లోకి వెళ్లే లినోలిక్‌ని పెంచినంత మాత్రాన అరాకిడోనిక్ అదే వరుసలో పెరగదు. ఈ విషయం మీద 2011లో వచ్చిన సమీక్షలో, సగటు ఆహారం తినే పెద్దవాళ్లలో లినోలిక్ పెంచినా తగ్గించినా రక్తంలో అరాకిడోనిక్ పెద్దగా కదల్లేదు. శరీరం దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. అరాకిడోనిక్ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వట్టి విలన్ కాదు. పేగు లోపలి పొర మానడానికి అది కావాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఆపేది దీని తయారీనే. ఒమేగా-6 నుంచి వచ్చేవన్నీ చెడ్డవే అయితే ఆ మాత్రలు మనకి మందై ఉండాలి. కానీ అవి వేసుకుంటే ఐబీడీ (కొలైటిస్, క్రోన్స్ రెంటినీ కలిపి పిలిచే పేరు) ఉన్న కొందరికి ఫ్లేర్ వస్తుంది, అంటే జబ్బు మళ్లీ రేగుతుంది. మీ డాక్టర్లు వాటిని వద్దనేది అందుకే.

పేగుబంధం
ఈ నొప్పి మాత్రల ముక్క ఇన్నేళ్లలో నాకెవరూ ఇలా విప్పి చెప్పలేదు. "వేసుకోకు" అన్నారంతే.

పథ్యం
నేను డైటీషియన్‌ని, ఐబీడీ పేషెంట్లను చూస్తుంటాను. నిలకడ గారూ, మీ బావ ఇచ్చిన సీసా ఒకసారి తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. ముందువైపు పెద్దగా 1000 మి.గ్రా. అని ఉంటుంది. వెనక ఈపీఏ ఎంత, డీహెచ్‌ఏ ఎంత?

నిలకడ
ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉందండి.

పథ్యం
మామూలు రకాల్లో చాలావరకు అంతే ఉంటుంది. అంటే మాత్రలో అసలు సరుకు 300 మి.గ్రా., మిగతా 700 వేరే కొవ్వులు. తటస్థం గారు చెప్పిన ట్రయల్ మోతాదు 4 గ్రాములు. అంత అందాలంటే మీరు రోజుకి 13 పైచిలుకు మాత్రలు మింగాలి. అంత మింగినవాళ్లకే పని జరగలేదు.

ఇప్పుడు నూనె వైపు చూడండి. మామూలు పొద్దుతిరుగుడు నూనె ఒక టేబుల్‌స్పూన్ దాదాపు 14 గ్రాములు. రకాన్ని బట్టి అందులో 8, 9 గ్రాములు లినోలిక్ ఆమ్లమే. పైన మూడు మాత్రలు వేసుకుంటే వచ్చేది 0.9 గ్రా. ఒమేగా-3. ఒక్క చెంచా నూనెకే పదింతల తేడా. మాత్రలతో నిష్పత్తి సరిచేయడం జరిగే పని కాదు, సరిచేయాలనుకుంటే నూనె వైపు నుంచే రావాలి.

కానీ ఆ నిష్పత్తి అనే అంకె మీదే నాకు నమ్మకం తక్కువ. 20 గ్రాములకి 5 అయినా 4:1, 4 గ్రాములకి 1 అయినా 4:1. రెండోవాడికి రెండూ చాలవు. పైగా ఆ లెక్కలో అవిసె గింజల ఒమేగా-3నీ, చేప ఒమేగా-3నీ ఒకే గాటన కట్టేస్తారు. అవిసె నుంచి వచ్చేదాంట్లో ఈపీఏగా మారేది నూటికి పది లోపే, డీహెచ్‌ఏ అయ్యేది ఇంకా నామమాత్రం.

నిప్పులేని_పొగ
మరి 1996 ట్రయల్ సంగతి ఎవరూ ఎత్తరేం? న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. చేపనూనెతో క్రోన్స్ వాళ్లలో 59 శాతం ఏడాది పాటు రెమిషన్‌లోనే ఉన్నారు, ఉత్తుత్తి మాత్రతో 26 శాతమే. దీన్ని దాచేస్తారు.

తటస్థం
దాచేదేం లేదు, చాలా మంచి ట్రయల్. ఇటలీలో ఒకే కేంద్రంలో 78 మందితో చేశారు. రోజుకి 9 మాత్రలు, 2.7 గ్రా. ఒమేగా-3. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాక కరిగేలా పూత వేసిన మాత్రలు. తీసుకున్నది కూడా రక్తపరీక్షల్లో ఇన్‌ఫ్లమేషన్ ఇంకా కనిపిస్తున్నవాళ్లని, అంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువున్నవాళ్లని. ఆ ఫలితం చూసే పన్నెండేళ్ల తర్వాత పెద్ద ట్రయల్స్ వచ్చాయి. వాటిలో నిలబడలేదు. మాత్ర తీరు వేరు కాబట్టి, పేషెంట్లు వేరు కాబట్టి అని వాదించొచ్చు, ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. కానీ 78 మందికి 738 మంది అడ్డంగా నిలబడ్డారు. తర్వాత, ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష అన్నీ చూసి, క్రోన్స్ తిరగబెట్టకుండా ఆపడానికి ఒమేగా-3 బహుశా పనికిరాదని 2014లో తేల్చింది.

కొలైటిస్‌లో 1992 నాటి బ్రిటిష్ ట్రయల్ ఉంది. రోజుకి 4.5 గ్రా. ఈపీఏ. జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ అవసరం కొంచెం తగ్గింది, తిరగబెట్టడం మాత్రం ఆగలేదు. నాకు తోచేదేంటంటే, అణువు గారు చెప్పిన రసాయనం అబద్ధం కాదు. మాత్ర ఆ రసాయనాన్ని కొంత కదుపుతుంది, జబ్బును మాత్రం కదపలేకపోతుంది.

చిన్నోడి_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయికి క్రోన్స్. స్టెరాయిడ్ బదులు ఆరు నుంచి ఎనిమిది వారాలు వట్టి ఫార్ములా పాల మీదే ఉంచుదామన్నారు, వేరే తిండేం పెట్టకూడదట. డబ్బా వెనక చదివితే కొవ్వుల్లో గింజల నూనె ఉంది. పైనున్నవన్నీ చదివాక గుండె దడగా ఉంది. పిల్లాడికి విషం పోస్తున్నానా?

తటస్థం
లేదమ్మా, అస్సలు కాదు. మీకోసమే ఒకటి చెబుతాను. సరిగ్గా ఈ అనుమానంతోనే ఐరోపాలో ఒక ట్రయల్ చేశారు, 2002లో 'గట్'లో వచ్చింది. క్రోన్స్ ఉన్న 62 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఓలిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఉండేది, 79 శాతం ఉన్న ఫార్ములా. ఇంకో గుంపుకి అదే ఫార్ములాలో లినోలిక్ 45 శాతం. మూడో గుంపుకి స్టెరాయిడ్. అందరూ ఆలివ్ రకమే గెలుస్తుందనుకుంటారు కదా. దానిమీద రెమిషన్‌కి వచ్చింది 20 శాతం. లినోలిక్ దానిమీద 52. స్టెరాయిడ్‌తో 79.

ఎందుకలా జరిగిందో వివరణలు చాలా ఇచ్చారు, ఏదీ పూర్తిగా అతకలేదు. కాకపోతే "ఒమేగా-6 ఉంటే చాలు పేగు మండిపోతుంది" అనే మాట మాత్రం ఈ ట్రయల్ ముందు నిలబడదు.

పథ్యం
అమ్మా, పిల్లల్లో క్రోన్స్‌ని అణచడానికి ఆ ఫార్ములా పద్ధతిని మొదటి వరుస చికిత్సగానే వాడతారు. డబ్బా వెనక నూనె పేరు చూసి మార్చొద్దు, నీళ్లు ఎక్కువ కలిపి పలచన చేయొద్దు. బాబు మొహం మొత్తి తాగనంటే మీ డైటీషియన్‌తో రుచి మార్చడం గురించి మాట్లాడండి. గొట్టం ద్వారా ఇచ్చే వీలు కూడా ఉంటుంది. అసలు కష్టం అక్కడే వస్తుంది, నూనె దగ్గర కాదు.

చిన్నోడి_అమ్మ
మీకు పుణ్యముంటుంది.

నిప్పులేని_పొగ
సోయా నూనె పెట్టిన ఎలుకలకి పేగు జబ్బు పెరిగిందని 2023లోనే వచ్చింది. అదీ అబద్ధమేనా?

అణువు
నిజమే. ఎలుకల్లో దానికి ఎదురు తిరిగేదీ ఉంది. 2012లో 'నేచర్'లో వచ్చింది. వాపును అదుపు చేసే ఐఎల్-10 జన్యువు తీసేసిన, పేగు జబ్బుకి సిద్ధంగా ఉన్న ఎలుకలకి పాల కొవ్వు పెట్టారు. ఆ సంతృప్త కొవ్వు అరగడానికి కాలేయం టారిన్ కలిసిన పైత్యలవణాలు ఎక్కువ వదిలింది. ఆ టారిన్‌లోని గంధకం తిని బ్రతికే బిలోఫిలా వాడ్స్‌వర్తియా అనే బాక్టీరియా విపరీతంగా పెరిగింది, ఎలుకలకి కొలైటిస్ వచ్చింది. అదే ప్రయోగంలో కుసుమ నూనె పెట్టిన ఎలుకల్లో ఆ బాక్టీరియా పెరగలేదు. కుసుమ నూనెలో లినోలిక్ 70 శాతం పైమాటే. నూనె మానేసి వెన్నకి మారండి అనేవాళ్లు ఈ ప్రయోగం ఎందుకో ఎత్తరు.

ఇంకోటి, కొవ్వు ఆమ్లాలంటే అందరూ నూనె డబ్బా వైపే చూస్తున్నారు. బ్యుటిరేట్ కూడా కొవ్వు ఆమ్లమే, నాలుగే కార్బన్లు. మనం తిన్న పీచును పెద్దపేగులో బాక్టీరియా పులియబెట్టి తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకి ప్రధాన ఇంధనం అదే. కొలైటిస్ వాళ్లు, రెమిషన్‌లో ఉండి పీచు పడుతుంటే, దాని గురించి కూడా ఆలోచించాలి.

పేగుబంధం
నా సంగతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. క్రోన్స్‌కి చిన్నపేగు చివరి భాగం తీసేశారు. ఆ తర్వాత ఎవరో చెబితే చేపనూనె మొదలుపెట్టాను. నోట్లోంచి చేప వాసనతో త్రేన్పులు, పరుగు పరుగున బాత్రూమ్‌కి పోవడం. ఫ్లేర్ అనుకుని హడలిపోయి పరీక్ష చేయిస్తే, పేగులో వాపు ఉంటే మలంలో పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ మామూలుగానే ఉంది. పైత్యలవణాలు తిరిగి పీల్చుకునే భాగమే నాకు లేదు, అందుకే కొవ్వు తట్టుకోలేకపోతున్నానని చెప్పారు. మాత్రలు ఆపి, పైత్యలవణాలను పట్టేసే కొలెస్టిరమిన్ పొడి ఇచ్చాక కుదుటపడింది.

పథ్యం
పేగుబంధం గారిది చాలామందికి వర్తించే విషయం. ఇలియం, అంటే చిన్నపేగు ఆఖరి భాగం, చివర కొంచెమే తీసినవాళ్లకి పైత్యలవణాలు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలవుతాయి, వాళ్లకి ఆ పొడి పనిచేస్తుంది. 100 సెంటీమీటర్ల పైన తీసేస్తే పైత్యలవణాల నిల్వే చాలదు, తిన్న కొవ్వు అరగక జిడ్డుగా పోతుంది. వాళ్లకి ఆ పొడి ఇస్తే ఇంకా ఎక్కువవుతుంది. కొవ్వు తగ్గించాలి. ఎంసీటీ నూనె, అంటే మధ్యస్థ పొడుగున్న కొవ్వు ఆమ్లాల నూనె, పైత్యలవణాలు లేకపోయినా చాలావరకు ఒంటికి పడుతుంది కాబట్టి కొంత దానితో సర్దొచ్చు. ఆక్సలేట్ కిడ్నీ రాళ్ల మీద కూడా కన్నేసి ఉంచాలి. ఇలాంటివాళ్లకి ఒమేగా నిష్పత్తి గురించి చెప్పడం అనవసరం, మొత్తం కొవ్వు ఎంత అనేదే అసలు లెక్క.

నిర్వాహకులు
ఒక సభ్యుడు మెసలమైన్ ఆపేసి నూనె మార్చి చూస్తానని రాశారు, ఆ పోస్టు తీసేశాం. మందు ఆపే సలహాలు ఇక్కడ ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

నిలకడ
ఆ సభ్యుడు నేను కాదు లెండి. పథ్యం గారూ, మరి నాలాంటివాడికి, మందు మీద రెమిషన్‌లో ఉన్న కొలైటిస్‌కి, మీరైతే ఏం చెబుతారు?

పథ్యం
ముందు మార్గదర్శకాలు ఏమంటున్నాయో చెబుతాను. ఐరోపా పోషకాహార సంఘం ఎస్పెన్, రెమిషన్ నిలబెట్టుకోవడానికి ఒమేగా-3 మాత్రలు సూచించవద్దంది. ఐబీడీ నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఐఓఐబీడీ 2020లో, కొలైటిస్ ఉన్నవాళ్లు ఒమేగా-3ని మాత్రల్లో కాకుండా చేపల్లాంటి సహజ ఆహారంలో పెంచుకోవడం మంచిదంది. ట్రాన్స్ కొవ్వు మానాలి, పామాయిల్, కొబ్బరినూనె, పాల కొవ్వు తగ్గించాలి అని కూడా ఉంది. బలమైన రుజువుతో చెప్పినవి కావు, ఉన్నంతలో చెప్పినవి.

మీకైతే నేను చెప్పేది: చేప తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు తినండి. వేపుడుగా మాత్రం వద్దు. వంటకి ఓలిక్ ఎక్కువున్న నూనె పెట్టుకోండి. ఆలివ్, కనోలా సరే. పొద్దుతిరుగుడులో కూడా హై ఓలిక్ అని రాసి ఉన్న రకం ఉంటుంది, అందులో ఓలిక్ 80 శాతం దాకా ఉంటుంది. నూనె పూర్తిగా మానేసి బరువు తగ్గకండి, మన జబ్బుల్లో అదే పెద్ద ముప్పు. మీ బావ ఇచ్చిన సీసా రోజుకి ఒకటి రెండు మాత్రలైతే డాక్టర్ అన్నట్టే పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ రాదు. ఎక్కువ వేసుకోవద్దు. రోజుకి 4 గ్రాములు ఇచ్చిన గుండె జబ్బు ట్రయల్స్‌లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, ఎక్కువగా కనబడింది. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే డాక్టర్‌తో చెప్పాలి.

నిప్పులేని_పొగ
నేనైతే నూనె మార్చాకే బాగున్నాను. ఎవరేమన్నా.

తటస్థం
బాగున్నందుకు సంతోషమే. నూనెతోపాటు ఇంకేం మానేశారు? బయటి వేపుళ్లు, ప్యాకెట్ తిండి?

నిప్పులేని_పొగ
అవన్నీ కూడా మానేశాను. అందులో ఉండేది ఆ నూనే కదా.

తటస్థం
మరి మారింది నూనె ఒక్కటే కాదుగా.

చేప_తినం
మేం శాకాహారులం. అవిసె గింజలు చాలవని పైన అన్నారు. మరి దారేది?

పథ్యం
నాచు నుంచి తీసే నూనె ఉంది, అందులో డీహెచ్‌ఏ నేరుగా ఉంటుంది. చేపలకి కూడా డీహెచ్‌ఏ వచ్చేది నాచు నుంచే. అవిసె గింజలు తినాలంటే పొడి చేసుకుని తినండి. క్రోన్స్‌తో పేగు సన్నబడ్డవాళ్లు ఏ గింజలైనా గింజలుగా తినొద్దు, అడ్డం పడొచ్చు.

నిలకడ
చివరిగా ఒకటి. నూనె మార్చాక తేడా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కడుపు బాగుందనిపించడం చాలా?

పథ్యం
చాలదు. మార్చే ముందు ఒకసారి, రెండు మూడు నెలల తర్వాత ఒకసారి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చేయించండి. 50 లోపు ఉంటే మంచిది, 250 దాటితే వాపు చురుగ్గా ఉన్నట్టే. ఆ మధ్యలో ఇంకే మార్పూ చేయొద్దు, కొత్త ప్రోబయోటిక్ కూడా మొదలుపెట్టొద్దు. శాంపిల్ ఇచ్చే ముందు వారాల్లో నొప్పి మాత్ర ఏదైనా వేసుకుని ఉంటే డాక్టర్‌తో చెప్పండి, దానివల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది.